పాట పాడినవారు డబ్బు కట్టకపోతే



మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో వేలం పాట తెలియనివారు ఉండరు. పంచాయతీ చెరువుకు పాట, సంతలో ఆశీలుకు పాట, తిరునాళ్లలో కొట్లకు పాట, దేవుడి మాన్యం కౌలుకు పాట, చవితి పందిట్లో లడ్డూకు పాట. ఇప్పుడు ఈ పాట చేతిలోని ఫోనులోకి వచ్చేసింది. ఇంటి దగ్గర చీరలు అమ్ముకునే ఆడపడుచు సాయంత్రం లైవ్ పెట్టి ఒక్కో చీరా విప్పి చూపిస్తుంది. పాత నాణేలు, తపాలా బిళ్లలు, అక్వేరియం చేపలు, వాడిన ఇంజన్లు, చెరువుల్లో తిప్పే ఏరియేటర్లు వాట్సాప్ గ్రూపుల్లో పాటకు వస్తున్నాయి. రాత్రి తొమ్మిదికి పాట ముగుస్తుందని పెడతారు. ధర ఎక్కుతుంది. హెచ్చు పాటదారు తేలతాడు. తెల్లారి ఫోను చేస్తే ఎత్తడు. మెసేజి చూసినట్టు నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు.

ఇవాళ ఈ సమస్య గురించే మాట్లాడతాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాట పాడినంత మాత్రాన ఎవరూ కొన్నట్టు కాదు, డబ్బు కట్టినప్పుడే కొన్నట్టు. ఊరి పాటల్లో మన పెద్దలు ఈ సంగతిని షరతులుగా రాసి, అందరి ముందూ చదివి, ఆ తర్వాతే పాట మొదలుపెట్టేవారు. ఫోనులోకి వచ్చేసరికి ఆ షరతులు వదిలేశాం. వాటిని మళ్లీ తెచ్చుకోవాలి.

ముందుగా నష్టం ఎంతో చూద్దాం. ఒక చీరకు ఇద్దరు పోటీపడి పద్దెనిమిది వందల దాకా పాడారనుకోండి. హెచ్చు పాట పాడినావిడ మాట్లాడకుండా ఊరుకుంది. చీర మన దగ్గరే ఉంది కదా, పోయిందేముంది అని చూసేవాళ్లకు అనిపిస్తుంది. పోయింది చాలా ఉంది. పదిహేడు వందలకు కొనడానికి సిద్ధంగా ఉన్న రెండో ఆవిడ ఈపాటికి ఇంకోచోట కొనేసింది. ఆ చీరకు పెట్టిన పెట్టుబడి ఇంకో వారం ఇరుక్కుపోయింది. మళ్లీ లైవ్‌లో పెడితే, నిన్న అమ్ముడైన చీర ఇవాళ మళ్లీ ఎందుకొచ్చింది, ఏదైనా లోపం ఉందేమో అని చూసేవారికి అనుమానం. క్యాష్ ఆన్ డెలివరీ మీద పంపిన పార్శిల్ అయితే వెళ్లిన ఖర్చు, తిరిగొచ్చిన ఖర్చు రెండూ అమ్మినవారి మీదే పడతాయి. అదే నిమ్మకాయో, ఉల్లిపాయో, చేపో అయితే సరుకు ఎదురుచూడదు. కుళ్లిపోతుంది.

డబ్బు కట్టనివారందరూ మోసగాళ్లేనా? కాదు. వీరిలో రకాలున్నాయి, ఒక్కో రకానికి ఒక్కో మందు. కొందరు పోటీ వేడిలో చేతిలో ఉన్నదానికంటే ఎక్కువ పాడేస్తారు. తెల్లారి సిగ్గుపడి తప్పించుకుంటారు. కొందరికి ఆ రోజు నిజంగానే డబ్బు సర్దుబాటు కాదు, రెండు రోజుల్లో కడతారు. కొందరు పాట పాడాక అదే వస్తువు బయట తక్కువకు దొరికిందని జారుకుంటారు. ఇంకొందరు సరదాకి పాడతారు, వారికి కొనే ఉద్దేశమే ఉండదు. చివరి రకం అసలైన ప్రమాదం. వాళ్లు డబ్బు కట్టకుండా సరుకు పట్టుకుపోవడానికే వస్తారు. కట్టినట్టు దొంగ స్క్రీన్‌షాట్ పంపి, వెంటనే పార్శిల్ వేయమని తొందరపెడతారు. మొదటి మూడు రకాలవారితో మర్యాదగా, గడువు పెట్టి మాట్లాడాలి. నాలుగో రకాన్ని పాటలోకే రానివ్వకూడదు. అయిదో రకం దగ్గర సరుకు కదలకూడదు.

వీరందరినీ వడపోసే జల్లెడ మన ఊరి పాటల్లో ఉండనే ఉంది. దాని పేరు ధరావతు. చెరువు పాటలో పాల్గొనాలంటే ముందు ధరావతు కట్టాలి. పాట ఖాయమైన వెంటనే కొంత సొమ్ము, మిగతాది గడువులోగా. కట్టకపోతే ధరావతు జప్తు, చెరువుకు మళ్లీ పాట. కోర్టు వేలాల్లోనూ ఇదే దారి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు ప్రకారం కోర్టు వేలంలో స్థిరాస్తి పాడుకున్నవారు అక్కడికక్కడే 25 శాతం కట్టాలి, మిగతాది 15 రోజుల్లోగా కట్టాలి. కట్టకపోతే ఆస్తిని మళ్లీ వేలం వేస్తారు. రెండోసారి ధర తగ్గితే, ఆ తేడా మొదట పాడి తప్పుకున్నవారి దగ్గర వసూలు చేయవచ్చు. నోటి మాటకు ఖరీదు కట్టిన నియమం ఇది.

హైదరాబాద్ దగ్గర బాలాపూర్ వినాయకుడి లడ్డూ సంగతి మీకందరికీ తెలిసిందే. 1994లో 450 రూపాయలతో మొదలైన పాట అది. 2023 నాటికి 27 లక్షలకు చేరింది. 2024లో ఉత్సవ సమితివారు, పాటలో దిగేవారు ముందటి ఏడాది ధర 27 లక్షలూ ముందే డిపాజిట్ చేయాలని షరతు పెట్టారు. ఆ ఏడు లడ్డూ 30 లక్షల వెయ్యి రూపాయలకు వెళ్లింది. ముందే డబ్బు కట్టమన్నందుకు పాట చప్పబడలేదు. ధరావతు అడిగితే జనం రారేమోనని భయపడే అమ్మకందారులు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి.

మన ఏలూరు జిల్లాలోనే ఇంకో మంచి పాఠం ఉంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాల్లో వర్జీనియా పొగాకు అమ్మకం చూసినవారికి తెలుస్తుంది. ఒకప్పుడు రైతు ఆకును వ్యాపారికి అప్పగించి, డబ్బు కోసం కాళ్లరిగేలా తిరిగేవాడు. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976 జనవరిలో ఏర్పడింది. 1984లో కర్ణాటకలో, 1985లో మన రాష్ట్రంలో బోర్డు ఆధ్వర్యంలో వేలం మొదలైంది. ఇప్పుడు అది ఎలక్ట్రానిక్ వేలం. నమోదు చేసుకున్న కొనుగోలుదారులే బేళ్ల మధ్య నడుస్తూ చేతిలోని యంత్రంతో ధర పాడతారు. డబ్బు బోర్డు ద్వారా రైతు బ్యాంకు ఖాతాకు చేరుతుంది. రైతుకూ వ్యాపారికీ మధ్య ఒక మూడో చెయ్యి ఉంది, రైతు ఆ చేతిని నమ్ముకుని బేలు అప్పగిస్తాడు. ధర విషయంలో పొగాకు రైతు గొడవలు రైతుకున్నాయి, కాదనను. కానీ పాడినవాడు డబ్బు కడతాడా అన్న దిగులు మాత్రం చాలావరకు తీరింది.

ప్రపంచంలో ఆన్‌లైన్ వేలం నడిపినవారు కూడా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చారు. అమెరికాలో 1995లో పియరీ ఒమిడ్యార్ మొదలుపెట్టిన ఈబే, ముక్కూమొహం తెలియనివారి మధ్య నమ్మకం పుట్టించడానికి ఒకరి గురించి ఒకరు అభిప్రాయం రాసే పద్ధతి పెట్టింది. మన దేశంలో 2000లో పుట్టిన బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది. ఇక్కడ పైసాపే అనే ఏర్పాటు ఉండేది. కొన్నవారి డబ్బు ముందు మధ్యలో ఆగేది, సరుకు చేరాక అమ్మినవారికి వెళ్లేది. 2018 ఆగస్టులో ఆ భారతీయ సైటు మూతపడింది. ఈబే ప్రధాన సైటులో ఇప్పటికీ ఉన్న నియమం మనకు పనికొస్తుంది. పాట గెలిచినవారు 4 రోజుల్లో డబ్బు కట్టకపోతే, అమ్మకందారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. తర్వాతి పాటదారుకు ఆయన పాడిన ధరకే వస్తువు ఇవ్వజూపవచ్చు. నాలుగు రోజులు, ఆపైన రెండో పాటదారు. అక్కడ వాదనలుండవు, బతిమాలడం ఉండదు.

ఇక మన ఫోను పాటలకు వద్దాం. వాట్సాప్ గ్రూపులో పొగాకు బోర్డు లేదు, పైసాపే లేదు. కాబట్టి అమ్మేవారే నియమాలు పెట్టుకోవాలి. పాట మొదలుకాక ముందే, అందరికీ కనపడేలా రాయాలి. పెన్నూ కాగితం ఉన్నవారు రాసుకోండి.

మొదటిది, ధరావతు. కొత్తవారెవరైనా పాడాలంటే చిన్న మొత్తం ముందు కట్టాలి. వంద రూపాయలైనా చాలు. పాట తగలకపోతే అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. తిరిగి ఇవ్వడంలో ఒక్కరోజు ఆలస్యం చేసినా మీ మీద నమ్మకం పోతుందని మరిచిపోకండి. సరదాకి పాడేవారు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

రెండోది, గడువు. పాట ముగిసిన 24 గంటల్లోగా డబ్బు కట్టాలని తేదీ, గంట సహా రాయండి. వీలు చూసుకుని కట్టండి అనే మాట వాడకండి. ఆ వీలు ఎప్పటికీ కుదరదు.

మూడోది, గడువు దాటితే ఏం జరుగుతుందో. పాట రద్దవుతుంది, వస్తువు రెండో పాటదారుకు ఆయన పాడిన ధరకే వెళుతుంది, ధరావతులోంచి ఖర్చు పోతుంది అని ముందే చెప్పండి. ముందు చెప్పని షరతును తర్వాత అమలు చేస్తే అది తగాదా అవుతుంది.

నాలుగోది, సరుకు కదిలే నియమం. డబ్బు వచ్చిందని తెలుసుకోవలసింది మీ బ్యాంకు ఖాతాలో, మీ యాప్‌లో. అవతలివారు పంపిన బొమ్మలో కాదు. ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను, వినండి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మనం పిన్ నొక్కాల్సిన అవసరం లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన అవసరమూ లేదు. డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి అని ఎవరన్నా అంటే వాళ్లు మీ డబ్బు లాగుతున్నారు. అలా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇన్ని పెట్టుకున్నా ఎవరో ఒకరు కట్టరు. అప్పుడేం చేయాలి? గడువు ముగియడానికి కొన్ని గంటల ముందు ఒక మెసేజి పెట్టండి. ఇలా రాయవచ్చు. "అమ్మా, నిన్నటి పాటలో ఫలానా చీర మీకు ఖాయమైంది. మొత్తం ఇంత. ఇవాళ రాత్రి తొమ్మిదిలోగా కట్టగలరు. వీలుకాకపోతే చెప్పండి, రెండో పాటదారుకు ఇచ్చేస్తాను." తప్పుకోవడానికి గౌరవమైన దారి చూపిస్తే చాలామంది నిజం చెబుతారు. నిజం చెప్పినవారితో తగవు పెట్టుకోకండి. జవాబు రాకపోతే ఒకసారి ఫోను చేయండి. గడువు దాటాక రద్దయిందని ఒక్క వాక్యంలో రాసి, రెండో పాటదారుకు కబురు చేయండి. కట్టనివారి పేరును మీ పుస్తకంలో రాసుకుని, ఇకపైన ఆ మనిషి దగ్గర పూర్తి డబ్బు ముందు తీసుకున్నాకే పాటకు రానివ్వండి. ఫొటో, నంబరు గ్రూపులో పెట్టి పరువు తీయడం మాత్రం వద్దు. అది మీకే చట్టపరమైన చిక్కు తెస్తుంది, చూస్తున్న మంచి కొనుగోలుదారులను కూడా భయపెడుతుంది.

సరుకు మన దగ్గర ఉన్నంతకాలం ఇది చికాకు మాత్రమే. సరుకు చెయ్యిదాటితే కష్టం మొదలవుతుంది. ఇక్కడ కొల్లేటి చేపల వ్యాపారం గుర్తుకొస్తుంది. కైకలూరు, ఆకివీడు, మండవల్లి వైపు చెరువుల్లో పట్టుబడి రోజున శీలావతి, బొచ్చె కాటా వేసి, ఐసు కొట్టి లారీకెక్కించి బెంగాల్‌కూ అస్సాంకూ పంపుతారు. ధర ఫోనులో కుదురుతుంది. కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తానని కొత్త వ్యాపారి అంటాడు. లారీ వెళుతుంది. మొదటి లోడుకు డబ్బు చక్కగా వస్తుంది, రెండోదానికి సగం వస్తుంది, మూడోదానికి ఫోను మోగుతూనే ఉంటుంది. ఆ తర్వాత దివాలా తీసి ఐపీ పెట్టాడని కబురు. మేతల కొట్టుకు బాకీ, చెరువు కౌలు, కూలీల డబ్బు అన్నీ రైతు నెత్తిన పడతాయి. ఈ దెబ్బ తిన్న కుటుంబాల బాధ మాటల్లో చెప్పలేను. రెండు రూపాయల ఆశకు ఏడాది కష్టాన్ని పణంగా పెట్టకండని చేతులు జోడించి అడుగుతున్నాను.

చట్టం అమ్మినవారికి కొన్ని హక్కులిచ్చింది. అవి 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం వేలంలో ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కొట్టేసినప్పుడే అమ్మకం ఖాయమవుతుంది. అప్పటిదాకా పాడినవారు వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. అరువు ఒప్పుకోనంతవరకు, డబ్బు అందేదాకా సరుకును మన దగ్గర ఆపుకునే హక్కు మనకుంది. సరుకు లారీలో ఉండగా కొన్నవారు బాకీలు తీర్చలేని స్థితికి వచ్చారని తెలిస్తే, దారిలోనే ఆపించే హక్కూ ఉంది. ఇందుకు కోర్టులో ఐపీ దాఖలయ్యేదాకా ఆగనక్కర్లేదు. కానీ కొన్నవారు సరుకు దించుకున్నారంటే ఆ హక్కు పోయినట్టే. అందుకే కొత్త వ్యాపారికి పంపేటప్పుడు రవాణా రసీదు సొంత పేరు మీద తీసుకుని, డబ్బు పడ్డాకే అప్పగించమని ట్రాన్స్‌పోర్టువారికి రాసివ్వడం మంచిది.

తిరిగి అమ్ముకోవడంలో ఒక మెలిక ఉంది, శ్రద్ధగా వినండి. చేప, నిమ్మ, కూరగాయల వంటి పాడైపోయే సరుకైతే, డబ్బు కట్టనివారికి నోటీసు ఇవ్వకుండానే వేరేవారికి అమ్మవచ్చు. ధర తగ్గితే ఆ నష్టం మొదటివారిని అడగవచ్చు. నిలవుండే సరుకైతే, ఫలానా తేదీలోగా కట్టకపోతే వేరేవారికి అమ్మేస్తానని ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు లేకుండా అమ్మితే నష్టం అడిగే హక్కు పోతుంది. పైగా ఎక్కువ ధర వస్తే ఆ లాభం మొదటివారిదవుతుంది. మెసేజి, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపి పెట్టుకోండి.

చెక్కు తీసుకుంటే, అది తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, ఆపైన నెలలోగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఇస్తాను ఇస్తాను అనే మాటలు నమ్మి ఈ గడువులు దాటబెట్టకండి. మామూలు బాకీకి దావా గడువు 3 ఏళ్లు. కాటా చీటీ, బిల్లు, లారీ రసీదు, ధర ఒప్పుకున్న మెసేజిలు ఇవన్నీ దాచుకున్నవారికే ఏ దారైనా పనిచేస్తుంది.

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవారిలాంటి చిన్న తయారీదారులకు మరో ఆసరా ఉంది. ముందే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, దానికి రుసుము లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం, సరుకు తీసుకున్నవారు, ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా, 45 రోజులు మించకుండా డబ్బు కట్టాలి. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. కొని అమ్మే వ్యాపారులకు ఈ సదుపాయం వర్తించదు. ఈ చట్టం ఉన్నా, కొన్నవారి గది కొలతకు, వారడిగిన రంగుల్లో తివాచీ నేయాలంటే ఉన్నికి, కూలికి సరిపడా అడ్వాన్సు తీసుకోకుండా మగ్గమెక్కించవద్దు. వారికోసం నేసింది ఇంకొకరికి అమ్ముడుపోవడం కష్టం.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. అక్కడ బస్తా కళ్లముందే విప్పి పాట పాడతారు. పాడినవారెవరో, వారి కొట్టు ఎక్కడో పక్కవారికి తెలుసు. ఇవాళ ఎగ్గొట్టినవారు రేపు ఆ యార్డులో తలెత్తుకోలేరు. ఫోనులో ఈ తెలిసినతనం లేదు. దాని లోటును ధరావతు, గడువు, రాతకోతలతో మనమే పూడ్చాలి. గ్రూపులు నడిపేవారందరూ కలిసి ఒకే షరతులు పెట్టుకుంటే ఇంకా మేలు. ఒక గ్రూపులో ఎగ్గొట్టి ఇంకో గ్రూపులో పాడే వీలు తగ్గుతుంది.

పాడేవారికీ ఒక మాట. మీరు వేలితో నొక్కిన ఆ అంకె వెనక ఒక ఇల్లు నడుస్తోంది. చేతిలో ఉన్నంతే పాడండి. తప్పుకోవాల్సివస్తే వెంటనే చెప్పండి.

అమ్మేవారు ముందు సొమ్ము అడగడానికి మొహమాటపడకండి. పాటకు దిగేవారి మీద అనుమానంతో అడుగుతున్నట్టు కాదది. రెండో పాటదారుకూ, మీ ఇంటికీ న్యాయం చేస్తున్నట్టు. రేపటి పాటకు ముందే ధరావతు ఎంత, గడువు ఎప్పుడు, గడువు దాటితే ఏమిటి, సరుకు ఎప్పుడు కదులుతుంది అనే నాలుగు షరతులూ రాసి గ్రూపులో అన్నిటికంటే పైన పిన్ చేయండి. అవి అందరూ చదివాకే మొదటి ధర పిలవండి.